బోణీ నెత్తురు

కాకినాడ రేవుకి అల్లంత దూరంలో ఉన్న ఆ క్యాన్సర్ పరిశోధనాలయంలో తలా ఒక నమ్మకం. కానీ పొద్దున్నే చేటలోకి వెళ్ళే మొదటి గొట్టం డాక్టర్ వరూధిని నెత్తుటిదే అయ్యుండాలన్న విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట. మెయిన్ రోడ్డులో బట్టల కొట్టువాళ్ళు తొలి బేరాన్ని ఎంత భక్తిగా చూసుకుంటారో, రక్తపరీక్షల విభాగంవాళ్ళు ఆ గొట్టాన్ని అంత భక్తిగా చూసుకునేవారు. దాని పేరే బోణీ గొట్టం.

టెక్నీషియన్ మంగతాయారు ట్రే పట్టుకుని వచ్చేసరికి వరూధిని కళ్ళజోడు నుదుటిమీదికి నెట్టుకుని, ఎడమచెయ్యి బల్లమీద చాపి పెట్టేది. కుడిచెయ్యి కాఫీ గ్లాసు మీదే ఉండేది. ఏళ్ళ తరబడి ఒకేచోట గుచ్చించుకోగా ఆ మోచేతి మడత మొద్దుబారిపోయింది. సూది దిగిందో లేదో మంగతాయారు చెబితేగానీ ఆమెకు తెలిసేది కాదు.

"అయిపోయిందండి. ఇంక బండి కదుల్తుంది," అనేది మంగతాయారు, దూది నొక్కిపెడుతూ.

చేట అంటే యంత్రం. దాని అసలు పేరు ఇంగ్లీషులో బారెడు పొడుగుంటుంది. తయారుచేసిన ప్రసన్నకుమార్ తప్ప ఆ పేరు పూర్తిగా పలికినవాళ్ళు లేరు. మనిషి నెత్తుట్లో తెల్లకణాల ఒంటిమీద గుర్తులుంటాయి, ఒక్కో గుర్తుకీ ఒక నంబరు. ఆ గుర్తుకి మాత్రమే అతుక్కునే పదార్థానికి మెరిసే రంగు తగిలించి, కణాల్లో కలిపి, ఒక్కొక్క కణాన్నీ లేజరు ముందునుంచి నడిపిస్తే ఏ కణం ఏ రంగులో మెరిసిందో తెలుస్తుంది. దాన్నిబట్టి ఇది ఫలానా లుకేమియా, అది ఫలానా లింఫోమా అని పేరు పెడతారు. ఆ పాత పద్ధతిలో చిక్కల్లా ఒక్కటే. ఏ గుర్తుల కోసం వెతకాలో మనమే ముందు ఊహించుకోవాలి. పుస్తకాల్లో రాసినట్టు నడుచుకునే జబ్బులతో పేచీ లేదు. బి-కణాల జబ్బుల్లో మాత్రం పుస్తకం మొహం చూడనివి కొన్ని ఉంటాయి. ఉండాల్సిన గుర్తు ఉండదు, ఉండకూడనిది ఉంటుంది, డాక్టర్లు తల పట్టుకుంటారు.

చేట దేన్నీ వెతకదు, చెరుగుతుంది. ఉన్న గుర్తులన్నీ ఒకేసారి చదివి, ఆరోగ్యంగా కనిపించిన ప్రతి కణాన్నీ అవతలికి ఊదేస్తుంది. తెరమీద ఏమైనా మిగిలితే అది జబ్బు. దానికి పేరున్నా లేకపోయినా సరే, మిగలడమే దాని నేరం. ఏమీ మిగలకపోతే తెర ఖాళీ. ఖాళీ తెర చూసి ఇంటిదారి పట్టినవాళ్ళు ఆ గుమ్మం ముందు కొట్టిన కొబ్బరికాయల చిప్పలు తీయడానికి ఒక మనిషిని పెట్టాల్సి వచ్చింది.

అయితే ఆరోగ్యమంటే ఏమిటో దానికి రోజూ గుర్తుచేస్తూ ఉండాలి. రంగులు వెలుస్తాయి, లేజరు వేడెక్కుతుంది, ఎండాకాలం ఒకలా, ముసురు పట్టిన రోజుల్లో ఒకలా ఉంటుంది. అందుకని పొద్దున్నే జబ్బులేని మనిషి నెత్తురు ఒక గొట్టం పోస్తే, దాన్ని చూసి చేట తన కొలతలు కాస్త సర్దుకుంటుంది. ఆ మనిషి రోజుకొకరు కావాలన్నది ప్రసన్నకుమార్ పెట్టిన నియమం.

ఆ నియమం అకౌంట్స్ రాజారావు చెయ్యి చాపిన రోజుదాకా నడిచింది. ఆ రోజు లేజరు కాలిపోయింది. బాగుచేశాక తోటమాలి నెత్తురు పోస్తే నీళ్ళ గొట్టం పగిలి నేలంతా మడుగైంది. ఆ తర్వాత వరూధిని వంతు వచ్చింది, చేట పొద్దుగూకేదాకా ముక్కకుండా మూలగకుండా పనిచేసింది. ఇంకేముంది? మేడమ్‌గారి చెయ్యి మంచిదన్నారు. మర్నాడూ ఆమెనే అడిగారు, ఆ మర్నాడూ ఆమెనే. "నా నెత్తుటికీ లేజరుకీ ఏమిటర్రా సంబంధం?" అని వరూధిని నవ్వేది గానీ, లోలోపల అది ఆమెకు ఇష్టంగానే ఉండేది. ప్రసన్నకుమార్ ఆదివారం చర్చిలోనూ, మిగతా రోజులు లెక్కల ముందూ తప్ప ఎక్కడా తల వంచని మనిషి. అతనూ అడ్డు చెప్పలేదు. ఒకే మనిషి నెత్తురైతే కొలతలు నిలకడగా వస్తున్నాయని అతనికీ కనిపించింది. మూఢనమ్మకానికి లెక్కల దన్ను కూడా దొరికాక ఇంక దాన్ని కదిపేదెవరు?

అలా ఏళ్ళు గడిచాయి. చేట పేరు రాజధానిదాకా పాకింది. అచ్చం అలాంటివే తయారుచేసి, చేట ఇన్నాళ్ళూ నేర్చుకున్న జ్ఞాపకాన్నే వాటిలోకీ ఎక్కించి, జిల్లా ఆసుపత్రులన్నిటికీ పంపాలని తీర్మానం జరిగింది. యంత్రాలు గోడౌన్‌లో అట్టపెట్టెల్లోకి ఎక్కాయి. విభాగం పెద్దగా వరూధిని ఒక సంతకం పెడితే లారీలు కదులుతాయి. ఆ వారంలోనే డాక్టర్ నజీర్ ఒక పేషెంటును వెంటబెట్టుకుని ఆమె గదికి వచ్చాడు.

"మేడమ్, ఈయన గంగరాజుగారు, ఆర్టీసీ కండక్టరు. ఇది మూడోసారి రావడం. మూడుసార్లూ చేట ఖాళీ అనే చెప్పింది. నా వేళ్ళు మాత్రం కాదంటున్నాయి. ప్లీహం బొడ్డుదాకా దిగిపోయింది."

గంగరాజు చొక్కా వదులుగా వేలాడుతోంది. కడుపు మాత్రం ఎడమవైపు బరువుగా ఉబ్బి ఉంది. మనిషి మొహంలో దిగులు లేదు సరికదా, నవ్వు కూడా ఉంది.

"నాకేం లేదండి డాక్టరమ్మగారూ," అన్నాడు. "మొదటిసారి మీరే కదండీ చెప్పేరు, ఏమీ లేదు, హాయిగా డ్యూటీకి వెళ్ళమని. ఈ నజీర్‌గారే నమ్మట్లేదు. టిక్కెట్టు కొన్న పేసింజర్ని స్టేజీ స్టేజీకీ టిక్కెట్టేదీ, టిక్కెట్టేదీ అంటే ఎలాగండి?"

వరూధిని అతని కడుపుమీద చెయ్యి పెట్టి చూసింది. చేతికింద గట్టిగా తగిలింది, తడుముకోనక్కర్లేకుండా. ఇలాంటి ప్లీహాన్ని పెట్టుకుని తెర ఖాళీగా ఉండడం ఆమెకు నచ్చలేదు. జబ్బు నెత్తుట్లోకి రాకుండా ప్లీహంలోనే దాక్కుందేమో అనుకుంది. మూల గదిలో దుప్పటి కప్పి పెట్టిన పాత యంత్రం ఒకటుంది. చేట వచ్చాక దాని మొహం చూసినవాళ్ళు లేరు. ఆ మధ్యాహ్నం భోజనం కూడా మానేసి, ఆమె దుప్పటి తీసి, దుమ్ము తుడిచి, పాత పద్ధతిలో పరీక్ష మొదలుపెట్టింది. చేతులు మరిచిపోలేదు.

పాత పద్ధతిలో పేషెంటు గొట్టం పక్కన ఆరోగ్యవంతుల గొట్టం ఒకటి పెట్టి చూడాలి. అది లేకపోతే పోలిక తెలియదు. పొద్దుటి బోణీ గొట్టంలో ఇంకా సగం మిగిలి ఉంది. మంగతాయారు దాన్ని తెచ్చి పక్కన పెట్టింది.

గంగరాజు కణాలు తెరమీదికి వచ్చాయి. జబ్బు ఉంది. దాక్కోలేదు కూడా, నెత్తుట్లో గుంపులు గుంపులుగా తిరుగుతోంది. బి-కణాలు రెండు తెగలు, కప్పా, లామ్డా. ఆరోగ్యవంతుల్లో ఆ రెండూ కలిసిమెలిసి ఉంటాయి. ఇక్కడున్నవన్నీ లామ్డాలే, అంటే ఒకే తల్లి పిల్లలు. ఐదో నంబరు గుర్తు లేదు, పదో నంబరూ లేదు. నూటమూడు ఉంది. దానికి జంటగా కనబడాల్సిన ఇరవైఐదు లేదు. ఏ గడిలోనూ సరిగ్గా ఇమడని అరుదైన రకం. ఇంత గుంపుని చేట ఎలా ఊదేసిందో ఆమెకు అంతుపట్టలేదు.

తర్వాత ఆరోగ్యవంతుల గొట్టం పెట్టింది. తెరమీద అదే బొమ్మ వచ్చింది.

"అదేంటి, గొట్టాలు తారుమారు చేశాను," అంది వరూధిని. "మతి పోతోంది నాకు. ఇంకోసారి తీయి తాయారూ."

మంగతాయారు ఆమె ఎడమచేతినుంచి మళ్ళీ తీసింది. ఈసారి గొట్టాన్ని వరూధిని తన గుప్పిట్లోనే పట్టుకుంది. మళ్ళీ అదే బొమ్మ. గంగరాజు గుంపుకన్నా చిన్నదే గానీ, అన్నీ లామ్డాలే, నూటమూడు ఉంది, ఇరవైఐదు లేదు. రంగులు పాడయ్యాయేమోనని మంగతాయారు నెత్తురు పెట్టి చూశారు. అందులో కప్పాలూ లామ్డాలూ కలిసిమెలిసి హాయిగా ఉన్నాయి.

వరూధిని లేచి చేతులు కడుక్కుంది. వేళ్ళ సందుల్లో కూడా రుద్ది రుద్ది కడుక్కుంది.

"సబ్బు అయిపోయింది, కొత్తది పెట్టించు," అంది. అని, అక్కడే కాసేపు నిలబడింది. గుండె ఆగిపోతుందనుకుంది, ఆగలేదు. కాళ్ళు వణుకుతాయనుకుంది, అవీ వణకలేదు. ఎవరో దూరపు చుట్టం సంగతి విన్నట్టుంది. అంత పెద్ద సంగతికి తనకు ఏమీ అనిపించకపోవడం ఒక్కటే ఆమెకు వింతగా తోచింది.

ప్రసన్నకుమార్ వచ్చి రెండు బొమ్మలూ చూశాడు. అతనికి వివరించాల్సిన అవసరం రాలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మీలో ఇది కొంచెం కొంచెంగా పెరిగింది మేడమ్," అన్నాడు. "రోజూ పొద్దున్నే చేట మిమ్మల్ని చూసి, ఇదే ఆరోగ్యం అనుకుని సర్దుకుంది. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా కనిపించదు కదా. మీరు ఒక అడుగు జరిగితే అదీ ఒక అడుగు జరిగింది."

"అంటే ఈ రకం జబ్బుని అది ఆరోగ్యం కింద నేర్చుకుంది."

"దాని చుట్టుపక్కల రకాల్ని కూడా."

"ఇంతవరకూ ఖాళీ అన్నవాళ్ళ కణాల కొలతలు తీయండి. మళ్ళీ చూద్దాం."

ప్రసన్నకుమార్ తల అడ్డంగా ఊపాడు. "మిగిలినవే దాచాం మేడమ్. ఊదేసినవి దాచలేదు. రోజుకి లక్షల కణాలు, ఎక్కడ పెడతాం? ఆరోగ్యాన్ని దాచుకుని ఏం చేస్తాం అనుకున్నాం."

అంటే ఖాళీ తెర చూసి ఇంటికి వెళ్ళినవాళ్ళలో ఎవరికి జబ్బుందో, ఎవరికి లేదో చెప్పే ఆధారం భూమ్మీద లేదు. వాళ్ళనే పిలవాలి, మళ్ళీ నెత్తురు తీయాలి.

"జ్ఞాపకాన్ని మార్చేస్తాను," అన్నాడు ప్రసన్నకుమార్ గొంతు తగ్గించి. "చెరిపేసి, పదిమంది నెత్తురుతో మళ్ళీ నేర్పుతాను. పెట్టెల్లో ఉన్నవాటికీ అదే ఎక్కిస్తాను. లారీలు కాస్త ఆలస్యంగా వెళ్తాయి, అంతే. గంగరాజులాంటివాళ్ళని మనమే ఒక్కొక్కరినీ పిలిపించి చూద్దాం. పేపర్లకెక్కక్కర్లేదు."

"గంగరాజులాంటివాళ్ళెవరో ఎలా తెలుస్తుంది?"

అతను కిటికీ వైపు చూశాడు.

"ఊరంతా మనమీద పడుతుంది మేడమ్. చేటని సముద్రంలో పారేయమంటారు. ఇది పట్టుకోబట్టి బతికినవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. రేపు ఇది లేకపోతే పోయేవాళ్ళ సంగతేమిటి?" అని ఆగి, అప్పుడే గుర్తొచ్చినట్టు ఆమె మొహంలోకి చూశాడు. "మీకు... మీకెలా ఉంది?"

"బాగానే ఉంది," అంది వరూధిని. అబద్ధం కాదు. రోజూ బోణీ ఇచ్చి వచ్చినట్టే ఉంది.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళేసరికి భర్త శేషగిరి వంటింట్లో దొండకాయలు తరుగుతున్నాడు. ఆయన పోర్టు ఆఫీసులో పనిచేస్తాడు. పెందలాడే వస్తాడు కాబట్టి పొయ్యి ఆయనది, గిన్నెలు ఆమెవి. వరూధిని పీట వాల్చుకుని కూర్చుని ఆ రోజు జరిగింది చెప్పసాగింది. గంగరాజు చొక్కా గురించి చెప్పింది, పాత యంత్రం మీద దుప్పటి గురించి చెప్పింది, ప్రసన్నకుమార్ అన్నదంతా పొల్లుపోకుండా చెప్పింది. లారీల సంగతీ చెప్పింది. శేషగిరి వేపుడు తిప్పుతూ ఊకొడుతున్నాడు.

"తప్పుడు గొట్టం ఎవరిదిట మరి?" అన్నాడు.

"నాదేనండి. బోణీ నాదే కదా. అన్నట్టు ఆ జబ్బు నాకుంది."

శేషగిరి స్టవ్ ఆపేశాడు. గరిటె చేతిలో పట్టుకుని ఇటు తిరిగాడు.

"అన్నట్టేమిటి వరూ? అన్నట్టేమిటి!"

"భయపడకండి. నాది ఇంకా చిన్నదే. నిదానంగా నడిచే రకం. మందులున్నాయి. కొందరికి ఏళ్ళకేళ్ళు ఏమీ చెయ్యక్కర్లేదు కూడా."

"ఎవరితో మాట్లాడుతున్నావు? పేషెంటు మొగుడితోనా?"

"అవునుగదా," అంది వరూధిని, అది ఇప్పుడే తట్టినట్టు.

శేషగిరికి కళ్ళనీళ్ళు ఆగలేదు. గరిటె పక్కన పెట్టి, తుడిచిన గట్టునే మళ్ళీ మళ్ళీ తుడుస్తూ ఏడ్చాడు. వరూధిని ఆయన వీపుమీద చెయ్యి వేసింది. ఆయన ఎందుకు ఏడుస్తున్నాడో ఆమెకు తెలుసు, ఆయన మీద జాలి కూడా వేసింది. తనమీద తనకు మాత్రం ఏమీ కలగలేదు.

"నీకు ఏడుపు రావడం లేదా?" అన్నాడాయన ముక్కు తుడుచుకుంటూ.

"రావడం లేదండి. వస్తుందేమోనని మధ్యాహ్నం నుంచీ చూస్తున్నాను."

భోజనాల దగ్గర ఆయన తేరుకుని, లోకం పోకడ చెప్పాడు. "ప్రసన్న చెప్పినట్టే చెయ్యి. గుట్టుగా బాగుచేయించి ఊరుకో. ముందు నీ ఒళ్ళు చూసుకోవాలి. జనం వచ్చి మీద పడితే ఈ పరిస్థితిలో తట్టుకోగలవా?"

"ఊళ్ళోకెల్లా ఎక్కువసార్లు పరీక్ష చేయించుకున్నదాన్ని నేనేనండి," అంది వరూధిని. "రోజూ చేశారు. రోజూ బాగున్నానన్నారు. రోజూ చేయించుకున్నదాని గతే ఇలా ఉంటే, ఒక్కసారి చేయించుకుని మామీద నమ్మకంతో వెళ్ళిపోయినవాళ్ళు ఎలా ఉన్నారో." అని మజ్జిగ పోసుకుంది. సంతకం గురించి ఏమీ తేల్చుకోకుండానే పడుకుంది. నిద్ర కూడా పట్టింది.

మర్నాడు మంగతాయారు అలవాటుగా ట్రే పట్టుకుని వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"ఇవాళ చేట నడవదు తాయారూ. గంగరాజుగారు వచ్చారా?"

గంగరాజు వరండాలో బెంచీ మీద ఉన్నాడు. లోపలికి పిలిపించొచ్చు, కానీ వరూధినే బయటికి వెళ్ళింది. అతని ఎదురుగా నిలబడి, చేట తప్పు చెప్పిందనీ, అతనికి జబ్బు ఉందనీ, మొదటిసారి వచ్చినప్పుడే ఉండి ఉంటుందనీ చెప్పింది. ఆ చేటకి ఆరోగ్యం నేర్పింది తన నెత్తురేననీ, తనకూ అదే జబ్బనీ, ఇన్నాళ్ళూ అది ఎవరికీ తెలియలేదనీ కూడా చెప్పింది. వైద్యం వెంటనే మొదలుపెడతామంది. వాక్యాలన్నీ సాఫీగా వచ్చాయి. అలా సాఫీగా రావడం చూసి ఆమెకే అసహ్యం వేసింది.

గంగరాజు మొహంలోంచి నవ్వు పోయింది.

"మీరు లేదన్నారని మా ఆవిడ మొక్కు తీర్చేసిందండి," అన్నాడు. "అన్నవరం వెళ్ళి వ్రతం చేయించుకుని, ప్రసాదం వాడంతా పంచేం. ఇప్పుడు దానికేం చెప్పమంటారండి? సత్యదేవుడు అబద్ధం ఆడేడని చెప్పనా, మీరాడేరని చెప్పనా?"

"నేనేనని చెప్పండి."

"నేను రాత్రి సర్వీసులు కూడా చేసేనండి. ఒంట్లో బాలేదని ఎన్నోసార్లు అనిపించింది. ఆసుపత్రోళ్ళే ఏం లేదన్నారు కదా, నాది ఒట్టి బద్ధకం అనుకుని వెళ్ళేవోణ్ణి." అతని గొంతు ఒక్కసారి పెరిగింది. "నన్ను నేనే తిట్టుకున్నానండీ, బద్ధకస్తుణ్ణని!"

వరండాలో జనం తలలు తిప్పి చూశారు. వరూధిని కదల్లేదు. గంగరాజు తువ్వాలుతో మొహం తుడుచుకుని, కాసేపటికి మళ్ళీ అన్నాడు.

"మా డిపోలో సత్తిబాబని డ్రైవరున్నాడండి. వాడికీ మెడకింద గడ్డలుంటే నేనే లాక్కొచ్చేను, ఇక్కడి చేట మంచిదని చెప్పి. వాడికీ ఖాళీ అన్నారు. వాడిక్కూడా చెప్పాలా అయితే?"

"చెప్పాలి."

"ఇలా వచ్చెళ్ళిన అందరికీనా?"

ప్రసన్నకుమార్ వరండా చివర తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. అతన్ని వరూధిని చూసింది.

"అందరికీ," అంది.

"ఎంతమందండీ?"

"తెలీదు. ఖాళీ అన్న ప్రతివాళ్ళూ."

గంగరాజు ఆమె మొహంలోకి అప్పుడు సరిగ్గా చూశాడు. తర్వాత ఎడమచేత్తో కడుపు పట్టుకుని, బెంచీ మీద ఒక పక్కకి జరిగాడు.

"మీకూ ఇదే అంటున్నారు కదండీ. మరి ఎంతసేపని అలా నిలబడతారు? కూర్చోండి."

జరిగి ఇచ్చిన ఆ జానెడు చోటులో వరూధిని కూర్చుంది.

ఆ మధ్యాహ్నమే లారీలు ఆగిపోయాయి. సంతకం పెట్టాల్సిన కాగితాల మీద యంత్రాలు పంపకూడదని, ఎందుకు పంపకూడదో తన పేరుతో సహా రాసి, వరూధిని పైకి పంపించింది. పేపర్లకీ అదే ఇచ్చింది. పెద్దలు ఫోన్లు చేసి చీవాట్లు పెట్టారు. ప్రసన్నకుమార్ ఒక రోజంతా ఆమెతో మాట్లాడలేదు. రెండోరోజు వచ్చి చేట ముందు కూర్చుని, తను ఏళ్ళ తరబడి పెంచిన జ్ఞాపకాన్ని మొదట్నుంచీ చివరిదాకా చెరిపేశాడు. కొత్తగా నేర్పడానికి కాలేజీ పిల్లల్ని, రేవులో బస్తాలు మోసేవాళ్ళని, చేపల మార్కెట్టు ఆడవాళ్ళని బతిమాలి పిలిచారు. ఒక్కొక్కరినీ పాత పద్ధతిలో చూసి, బాగున్నారని తేలాకే చేటకి చూపించారు. ఒకరి నెత్తురు రెండోసారి పోయలేదు.

ఊళ్ళో ఆటోకి మైకు కట్టి చాటించారు. ఖాళీ తెర చూసి వెళ్ళినవాళ్ళంతా మళ్ళీ రావాలని సందుసందునా అరిచారు. జనం వచ్చారు. భయపడుతూ వచ్చినవాళ్ళున్నారు, శాపనార్థాలు పెడుతూ వచ్చినవాళ్ళున్నారు. ఎవరో విసిరిన రాయికి వరండా కిటికీ అద్దం పగిలింది. ఒక ముసలామె, తన కొడుకు ఆ శీతాకాలంలోనే పోయాడనీ, అతనికీ ఖాళీ అనే చెప్పారనీ, మళ్ళీ తీయడానికి నెత్తురెక్కడినుంచి తెమ్మంటారనీ వరూధిని రెండు చేతులూ పట్టుకుని అడిగింది. ఏ జబ్బుతో పోయాడో ఇంక ఎవరూ చెప్పలేరు. వరూధిని తలవంచుకుని విన్నది. ఆ రాత్రి కూడా ఆమెకు నిద్ర పట్టింది. అలా పట్టడం ఆమెకు కంపరం పుట్టించింది.

కొత్తగా నేర్చుకున్న చేట మొదలయ్యే రోజు వచ్చింది. పొద్దున్నే వరండా నిండిపోయి, వరస మెట్లు దిగి గేటుదాకా పాకింది. మంగతాయారు పాత అలవాటు కొద్దీ ట్రేతో మేడమ్ గదికే వెళ్ళింది. గది ఖాళీగా ఉంది. వెతుక్కుంటూ వచ్చేసరికి వరూధిని వరండాలో బెంచీ మీద, అందరికన్నా ముందు కూర్చుని ఉంది. పక్కన గంగరాజు ఉన్నాడు, అతని పక్కన మెడకి తువ్వాలు చుట్టుకున్న సత్తిబాబు.

"మీరిక్కడ కూచున్నారేంటండీ!" అంది మంగతాయారు.

"ఖాళీ అన్నవాళ్ళందరూ రావాలన్నాం కదా. అందరికన్నా ఎక్కువసార్లు అనిపించుకున్నదాన్ని నేనే. మొదట నాదే తీయి."

మంగతాయారు ట్రే వెనక్కి లాక్కుంది. "నావల్ల కాదండి. మీదే కావాలి, మీదే కావాలని ఇన్నేళ్ళూ పట్టుబట్టి గుచ్చింది నేనేనండి. ఇంకెవరైనా తీస్తారు, నేను పిలుస్తాను."

"నీ చెయ్యే తేలిక తాయారూ. తీయి."

మంగతాయారు ముక్కు ఎగబీల్చి, ట్రే బెంచీ మీద పెట్టింది. వరూధిని ఎడమచెయ్యి చాపబోయి, ఆగి, చీర చెంగు సర్దుకుని కుడిచెయ్యి చాపింది. ఆ చేతికి ఎప్పుడూ సూది తగల్లేదు. మోచేతి మడత పసిపిల్లల చర్మంలా నున్నగా ఉంది. మంగతాయారు దూదితో తుడిచి, నరం తడిమి, సూది దింపింది.

"అమ్మా!" అంది వరూధిని.

అంత గట్టిగా అంటుందని ఎవరూ అనుకోలేదు, ఆమె కూడా అనుకోలేదు. నొప్పి మోచేతి నుంచి భుజందాకా పాకింది. దాని వెనకాలే మిగతావన్నీ వచ్చాయి. శేషగిరి ఏడుస్తూ గట్టు తుడవడం వచ్చింది, అన్నవరం ప్రసాదం వచ్చింది, రెండు చేతులూ పట్టుకున్న ముసలామె వచ్చింది. తనకు జబ్బు ఉందన్న మాట కూడా అప్పుడే, అంత ఆలస్యంగా, ఆమెకు అందింది. కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారి ఒళ్ళో పడ్డాయి.

మంగతాయారు కంగారుగా చెయ్యి ఆపింది. "నొప్పేసిందాండీ?"

"వేసింది," అంది వరూధిని ఏడుస్తూనే. "చాలా వేసింది. అయినా ఆపకు, వెనకాల జనం ఉన్నారు."

గొట్టం నిండింది. గంగరాజు తన మోచెయ్యి దాకా చొక్కా మడుచుకుంటున్నాడు. మంగతాయారు కలం తీసుకుని, కళ్ళు తుడుచుకుని, గొట్టం మీద వరూధిని అని రాసింది. ఇన్నేళ్ళలో ఆ నెత్తురు మీద పేరు రాయడం అదే మొదటిసారి.